చుక్కి చెవులు

నా చిన్నప్పుడు నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. అన్నం తింటూ మధ్యలో లేచి వీధిలోకి పోయి, మళ్ళీ వచ్చి ఇంకో ముద్ద నోట్లో పెట్టుకునేదాన్ని. కాళ్ళకు చక్రాలు కట్టుకుని పుట్టావని మా అమ్మ తిట్టేది. ఇప్పుడు డెబ్బై దాటాయి, మోకాళ్ళు పట్టేశాయి, అయినా ఈ నాలుగు మాటలు చెప్పడానికి కూర్చుని ఇప్పటికే రెండుసార్లు లేచాను. ఒకసారి పొయ్యి మీద పాలు చూడ్డానికి, ఇంకోసారి ఎందుకు లేచానో నాకే తెలియదు. అలాంటి నన్ను ఒక వారంపాటు ఒకే చెట్టు కింద, ఒకే బండరాయి మీద కూర్చోబెట్టింది మా పక్కింటి అక్క. ఎందుకు కూర్చోబెట్టిందో తెలియాలంటే ముందు మా గుర్రం సంగతి చెప్పాలి.

మాది ధర్మవరం. నేతగాళ్ళ వీధి చివర మా ఇల్లు. వీధిలో అందరికీ మగ్గాలుంటే మా నాయనకు జట్కా బండి ఉండేది. రైలు దిగినవాళ్ళను ఊళ్ళోకి, ఊళ్ళోవాళ్ళను రైలుకు చేర్చడం ఆయన పని. పట్టుచీరలు కొనడానికి వచ్చే షావుకార్లు కొందరైతే, వానల్లేక మూటలు కట్టుకుని బెంగుళూరుకు కూలిపనులకు పోయే పల్లెజనం చాలామంది. మా పాత గుర్రం పోయాక నాయన విడపనకల్లు పక్కకు పోయి, మూడు రోజులు అక్కడే ఉండి, ఒక ఆడగుర్రాన్ని తోలుకొచ్చాడు. ఎర్రటి ఒళ్ళు, నుదుటి మీద తెల్లటి మచ్చ. అందుకే చుక్కి అని పేరు పెట్టుకున్నాం.

ఆ తెల్లమచ్చకు కాస్త పక్కగా వెంట్రుకలు తిరిగిన సుడి ఒకటి ఉండేది. మా వైపు ఎద్దును కొన్నా గుర్రాన్ని కొన్నా మొదట చూసేది సుడులే. ఏ సుడి ఎక్కడుంటే ఇంటికి కలిసొస్తుందో, ఎక్కడుంటే కొంప ముంచుతుందో చెప్పడానికి వీధికి ఇద్దరు ముగ్గురు పెద్దలు ఉంటారు. చుక్కి సుడి మంచిది కాదని వాళ్ళు చూసిన రోజే తేల్చేశారు. నాయన మాత్రం నవ్వి, దాని మెడ నిమిరి, నీళ్ళు పెట్టడానికి పోయాడు. ఆయన సుడులు చూసే మనిషి కాదు, చెవులు చూసే మనిషి. గుర్రం మనసులో ఏముందో దాని చెవులే చెప్తాయని నాకు నేర్పింది ఆయనే.

మొదటి నెల చుక్కి చెవులు ఎప్పుడూ ముందుకే ఉండేవి. ఒక పాత రేకు డబ్బాలో దానికి నానబెట్టిన ఉలవలు పెట్టేవాళ్ళం. డబ్బా చేతిలో కనబడితే చాలు, చెవులు రెండూ నిలబెట్టి సన్నగా సకిలించేది. నేను దాని కడుపు కింద నుంచి దూరి అవతలికి పోయేదాన్ని, తోక పట్టుకుని ఊగేదాన్ని, అయినా ఏమీ అనేది కాదు. నాకు అదంటే ప్రాణం. బడిలో కూర్చున్నా దాని వాసన నా చేతులకు అంటుకుని ఉందా లేదా అని చూసుకునేదాన్ని. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

అది ఎండాకాలం. మధ్యాహ్నం వడగాలి ఎర్రమట్టిని ఎత్తి ఇళ్ళల్లో పోస్తోంది. నాయన సంగటి తినడానికి ఇంటికి వచ్చాడు. గబగబా తిని మళ్ళీ రైలుకు పోవాలి కాబట్టి చుక్కిని బండి నుంచి విప్పలేదు, కళ్ళ గంతలు కూడా తీయలేదు. బండి గుర్రానికి కళ్ళకు రెండు పక్కలా తోలు మూతలు కడతారు. ముందున్న దారి తప్ప పక్కన ఏముందో, వెనక ఎవరున్నారో దానికి కనబడదు. ముందురోజు మా వీధిలో పెళ్ళి ఊరేగింపు పోయింది. ఆ డప్పులు ఇంకా నా చెవుల్లో మోగుతున్నాయి. వెనక నుంచి బండి ఎక్కాను. సీటు కింద ఖాళీ ఉలవల డబ్బా కనబడింది. బోర్లించి, రెండు చేతులా పట్టి వాయించాను.

చుక్కి ఉలిక్కిపడింది. కాళ్ళు ఎత్తి దించింది. చిందులేస్తోంది అనుకున్నాను నేను. ఇంకా గట్టిగా వాయించాను. వీధంతా మగ్గాల మోత, నా వాయింపును ఎవరూ పట్టించుకోలేదు. ఈ మాట చెప్పడానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు సిగ్గుగానే ఉంది. తన వీపు వెనక ఏం మోగుతోందో దానికి కనబడదు, తప్పించుకుని పోదామంటే ఆ మోత బండితోపాటే వెంట వస్తోంది. ఒక్కసారిగా పరుగందుకుంది. నేను డబ్బాతో సహా వెనక్కి దొర్లి మట్టిలో పడ్డాను. వీధి మలుపులో రాతి తొట్టికి కొట్టుకుని బండి చక్రం విరిగింది, బండి పక్కకు ఒరిగింది, చుక్కి మోకాళ్ళ మీద పడి ఈడ్చుకుపోయింది. దాని మోకాలి చర్మం లేచిపోయి లోపల ఎర్రగా కనబడింది.

పడటంలో గంతలు జారిపోయిన చుక్కి నా వైపే చూస్తుండగా, నేను డబ్బా ఎత్తుకుని సందులోకి పారిపోయాను. జనం పోగైన తర్వాత మెల్లగా వెనక దారిన ఇంట్లోకి వచ్చి, డబ్బాను ఉలవల మూట పక్కన ఎప్పుడూ ఉండేచోటే పెట్టేశాను. బయట అందరూ ఒకటే మాట. సుడి, సుడి, సుడి. మేం ముందే చెప్పలేదా అన్నారు పెద్దలు. నన్ను ఎవరైనా అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. ఎవరూ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

మరుసటి రోజు పొద్దున నాయన ఉలవలు తీసుకుపోతే, చుక్కి ఆ డబ్బాను చూసి వెనక్కి లాగి తాడు తెంపుకుంది. ఇది అందరినీ హడలగొట్టింది. రైలుకు బెదిరే గుర్రాలున్నాయి, కుక్కకు బెదిరే గుర్రాలున్నాయి, తన తిండి డబ్బాను చూసి బెదిరే గుర్రాన్ని ఎవరు చూశారు? గాలి సోకిందన్నారు. మా అమ్మ నిమ్మకాయలు కోసి దిష్టి తీసింది. ఎవరో దర్గా నుంచి తాయెత్తు తెచ్చి మెడకు కట్టారు. నాయన ఉలవలను గోనెపట్టా మీద పోసి దూరంగా నిలబడితే కాస్త తినేది. నేను దగ్గరికి పోతే మాత్రం చెవులు వెనక్కి పడుకోబెట్టి, కంటి తెలుపు చూపించి, గోడకు ఒదిగిపోయేది. చుక్కికి నేనంటే భయం అని ఆ ఇంట్లో నాకు ఒక్కదానికే తెలుసు. తెలిసి కూడా రోజుకు పదిసార్లు దాని దగ్గరికి ఉరికేదాన్ని. ఈసారైనా సకిలిస్తుందేమో అని ఆశ. ప్రతిసారీ అది గోడకే ఒదిగేది.

మోకాలు మానింది, చక్రం బాగయింది, నాయన మళ్ళీ బండి కట్టాడు. నాలుగు రోజులు నెట్టుకొచ్చాడు. సంత రోజు స్టేషను దగ్గర బెంగుళూరు పోయే కుటుంబం ఒకటి బండి ఎక్కింది. వాళ్ళ రేకు పెట్టెను బండిలోకి విసిరారు. పెట్టె ధన్‌మని మోగిందో లేదో చుక్కి లేచింది. వాళ్ళ ముసలవ్వ బండి మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. తల నేలకు తగిలి ఉంటే ప్రాణం పోయేదే.

ఆ సాయంత్రం నాయన కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చున్నాడు. నల్లమాడ పక్క రాళ్ళబండ్లు తోలించే మేస్త్రి ఒకడు ఉండేవాడు. ఎవరికీ పనికిరాని గుర్రాలను తీసుకుపోయి రాళ్ళు మోయించేవాడు. ఆ బండ్లకు పోయిన గుర్రం రెండేళ్ళు బతకదని జట్కావాళ్ళంతా చెప్పుకునేవాళ్ళు. నాయన అతనికి మాట ఇచ్చేశాడు. వచ్చే సంత రోజు వచ్చి చుక్కిని తోలుకుపోతాడు.

“ఈ పొద్దు ఆ యవ్వ బతికిపాయ. రేపు ఇంగొగరి ప్రాణం పోతే నేను యాడికి పోయి మొగం దాచుకునేది?” అన్నాడు నాయన మా అమ్మతో. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. నేను తిన్నాను. తిని, తిన్నదంతా పెరట్లో కక్కుకున్నాను.

ఇక మా పక్కింటి అక్క సంగతి. మా వీధిలో ఆడవాళ్ళు నూలు చుట్టేవాళ్ళు, మగవాళ్ళు మగ్గం నేసేవాళ్ళు. ఈ అక్క మాత్రం వాళ్ళ నాయనకు చూపు మందగించాక తానే మగ్గం గుంటలోకి దిగి కూర్చుంది. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే మగ్గం అది. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేవేళకే లేచేది. వీధి ఏటేటా ఎత్తు పెరిగి వాళ్ళ ఇల్లు పల్లంలో పడిపోయింది. మగ్గం పక్క కిటికీ వీధి నేలకు సరిసమానంగా ఉండేది. ఆమెది తక్కువ మాట. నాలాంటి వదరుబోతు పిల్లకు ఆమె దగ్గర కూర్చోవడమంటే శిక్షే.

మరుసటి రోజు పొద్దున్నే ఆమె మా ఇంటికి వచ్చింది. తన దగ్గర పట్టునూలు చాలా మిగిలిపోయిందని, కండెలు చుట్టడానికి చెయ్యి కావాలని, సంత దాకా నన్ను పంపమని నాయనను అడిగింది. వడగాలికి గుర్రం పాకలో మాడిపోతోందని, తమ పెరట్లో కానుగ చెట్టు నీడ ఉందని, అక్కడ కట్టేయమని కూడా అంది. పోయే గుర్రమే కదా, నాలుగు రోజులు చల్లగా ఉంటుందిలే అన్నాడు నాయన. పోతూ పోతూ అక్క మా ఇంట్లో నుంచి ఉలవల డబ్బా అడిగి తీసుకుంది, కండెలు వేసుకోవడానికి ఏదో ఒకటి కావాలని. నేను తలుపు వెనక్కి జరిగాను. అక్క నా మొహం వైపు చూడను కూడా లేదు.

కానుగ చెట్టుకు చుక్కిని పొడుగు తాడుతో కట్టారు. గంతలు తీసేశారు. తాడు అందనంత దూరంలో, చుక్కికి ఎదురుగా, ఒక బండరాయి మీద నన్ను కూర్చోబెట్టింది అక్క. ముందు రాట్నం పెట్టింది. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో నూలు పట్టుకుంటే, వేలెడంత పుల్ల మీద పట్టు చుట్టుకుంటుంది. అదే కండె. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టేది దాన్నే. నిండిన కండెను డబ్బాలో వేయాలి. డబ్బా అడుగున అక్క తన పాత చీర ముక్క మందంగా మడిచి పరిచింది.

“గుర్రం తట్టు చూడాకు. దాన్ని పిలవాకు. దాని దగ్గరికి పోవాకు. దారం తెగితే ముడేసి తిప్పు. అంతే నీ పని” అని చెప్పి లోపలికి పోయింది.

మొదటి రోజు నరకం. పట్టుదారం ఎంత సన్నమంటే, చెయ్యి కాస్త తొందరపడితే పుటుక్కున తెగుతుంది. నేను తొందరపడకుండా ఉన్నదెప్పుడు? పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా చుట్టింది రెండు కండెలు, తెంపింది లెక్కలేదు. తెగిన ప్రతిసారీ నాకు కోపం వచ్చేది, చెయ్యి విదిల్చేదాన్ని, కాళ్ళు ఆడించేదాన్ని, లేచి నిలబడేదాన్ని. లేచిన ప్రతిసారీ అక్కడ చుక్కి తల ఎగరేసేది. దాని భుజాల మీద చర్మం ఈగ వాలినట్టు వణికేది. చూడకూడదని చెప్పినా ఓరగా చూశాను. సాయంత్రానికి ఒక సంగతి అర్థమైంది. దారం తెగడం, చుక్కి బెదరడం ఒకేసారి జరుగుతున్నాయి. దారం తెగిన చప్పుడు దానికి వినబడదు కదా. బెదురుతున్నది నా కదలికకే.

ఆ రోజు ఇంటికి పోయి అమ్మతో వేళ్ళు నొప్పులని ఏడ్చాను. నొప్పి వేళ్ళది కాదు. సంతకు ఇంకా ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం నా వల్ల కావడం లేదు.

రెండో రోజు, మూడో రోజు అలాగే గడిచాయి. కానీ చెయ్యి నెమ్మదించింది. రాట్నం గిర్రుమని పరిగెత్తకుండా గుర్రు గుర్రుమని తిరగడం మొదలుపెట్టింది. తెగితే కోపం తెచ్చుకోకుండా ముడి వేయడం వచ్చింది. కండె డబ్బాలో పడితే గుడ్డ మీద మెత్తగా తప్‌మనేది. మొదట్లో ఆ చప్పుడుకే చుక్కి చెవులు వెనక్కి పోయేవి. మూడో రోజు మధ్యాహ్నం ఒక చెవి మాత్రమే కదిలింది. నాలుగో రోజు అక్క వచ్చి డబ్బాలో గుడ్డ మడత ఒకటి తీసేసింది. చప్పుడు కాస్త గట్టిపడింది. చుక్కి తల ఎత్తి డబ్బాను చూసింది, నన్ను చూసింది, మళ్ళీ తల దించుకుంది. కాసేపటికి వెనక కాలు ఒకటి వాల్చి కునుకు తీసింది. గుర్రం కాలు వాల్చిందంటే పరిగెత్తాలన్న ఆలోచన దానికి లేదని నాయన ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. నా కళ్ళ నుంచి నీళ్ళు కారి పట్టుదారం మీద పడ్డాయి. తుడుచుకుంటే కదలాల్సి వస్తుందని తుడుచుకోలేదు.

ఐదో రోజు గుడ్డ పూర్తిగా తీసేసింది అక్క. కండె రేకు మీద టంగ్‌మంది. చుక్కి రెండడుగులు వెనక్కి వేసి, ముక్కు ఊది, నిలబడిపోయింది. పారిపోలేదు. సాయంత్రం లోపల ఎన్ని కండెలు వేశానో, అన్నిసార్లు అది చెవి తిప్పి విని ఊరుకుంది. ఆరో రోజు పొద్దున తాడు సాగినంత మేర నా వైపు వచ్చింది. మెడ చాచింది. దాని ఊపిరి నా మోకాలికి తగిలింది.

ఇక నా పాత బుద్ధి ఆగుతుందా? ఎగిరి లేచాను. అక్కను పిలుద్దామని లోపలికి ఉరికాను. నా కాలు తగిలి డబ్బా దొర్లింది, కండెలన్నీ చెల్లాచెదురై, డబ్బా బండరాయికి కొట్టుకుని మోగింది. చుక్కి నిటారుగా లేచింది. తాడు తెంపుకుని పెరటి మూలకు పోయి, గోడకు ఒళ్ళు ఆనించి, నిలువెల్లా వణుకుతూ నిలబడింది. అక్క వచ్చి చూసింది. వంగి కండెలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

తెల్లారితే సంత. నాకు ఏడుపు కూడా రాలేదు. కూర్చోలేను, నిలబడలేను, ఇంటికీ పెరటికీ మధ్య పొద్దు వాలేదాకా తిరిగాను. దీపాలు పెట్టకముందే నాయన స్టేషను నుంచి నడుచుకుంటూ వచ్చి మా అరుగు ముందు తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. వెనక నుంచి పోబోయి ఆగాను. చుట్టూ తిరిగి పోయి, ఆయనకు కనబడేలా ఎదురుగా నిలబడ్డాను.

“నాయనా, సుడి కాదు. ఆ దినం బండెక్కి డబ్బా వాయించింది నేను.”

చెంబు ఆయన చేతిలోనే ఉండిపోయింది. కొడతాడని కళ్ళు మూసుకున్నాను. చాలాసేపటికి కళ్ళు తెరిస్తే ఆయన అలాగే నిలబడి ఉన్నాడు, చెంబులో నీళ్ళు పాదాల మీద కారిపోతున్నాయి. నన్ను కొట్టి ఉంటే బాగుండేదనిపించింది. చివరికి ఒక్కటే అడిగాడు.

“ఇన్నాళ్ళు నీకు నిద్ర ఎట్ల పట్టినాది పాపా?”

పట్టలేదని చెప్పాను. ఆయన తల ఊపి, చెంబు అరుగు మీద పెట్టి, లోపలికి పోయాడు. ఆ పెట్టడం కూడా చప్పుడు కాకుండా పెట్టాడు.

సంత రోజు పొద్దున్నే మేస్త్రి తాడు భుజాన వేసుకుని వచ్చాడు. నాయన అతన్ని అక్క పెరట్లోకి తీసుకొచ్చాడు. నా చేతికి ఉలవలు నింపిన డబ్బా ఇచ్చి, “పోయి పెట్టు. నీకు తెలిసినట్ల పెట్టు” అన్నాడు.

నాకు తెలిసినదల్లా ఒక్కటే. చుక్కికి కనబడే పక్క నుంచి నడిచి పోయి బండరాయి మీద కూర్చున్నాను. డబ్బాను తాడు అందేచోట, నా పాదాల ముందు పెట్టాను. రాట్నం దగ్గరికి లాక్కుని కండె చుట్టడం మొదలుపెట్టాను. కొత్త తాడు కట్టిన చుక్కి చెట్టు అవతలి పక్కన నిలబడి ఉంది. చెవులు రెండూ వెనక్కి. ఒక కండె నిండింది. ఇంకొకటి మొదలుపెట్టాను. నా పాదం మీద గండుచీమ ఒకటి పాకి వేళ్ళ సందులో కుట్టింది. పళ్ళు బిగబట్టి చక్రం తిప్పాను.

“ఏమన్నా, ఈ పాప దారం సుట్టేది సూసేకా నేనొచ్చింది? నాకు పొద్దు పోతాండాది” అన్నాడు మేస్త్రి.

“రోంచేపు ఉండప్పా” అన్నాడు నాయన. ఆయన కళ్ళు చుక్కి చెవుల మీదే ఉన్నాయి.

మూడో కండె సగంలో ఉండగా ఎండుటాకులు నలిగిన చప్పుడైంది. నేను తల ఎత్తలేదు. ఎర్రటి కాళ్ళు రెండు, మానిన మచ్చలున్న మోకాళ్ళు, నా కళ్ళ ముందుకు వచ్చి ఆగాయి. మళ్ళీ ఒక అడుగు. ముక్కు డబ్బాలోకి దిగింది. ఉలవలు నమిలే చప్పుడు. నాలుగుసార్లు నమిలిందో లేదో, దాని ముక్కు తోపుకు డబ్బా కదిలి బండరాయికి తగిలింది. టంగ్‌మంది.

చుక్కి తల పైకి లేచింది. తాడు బిగిసింది. నా చెయ్యి చక్రం మీద ఉంది, ఆపాలా తిప్పాలా తెలియలేదు. అప్పటిదాకా తిప్పుతున్నట్టే తిప్పాను. గుర్రు గుర్రుమంటోంది రాట్నం. దారం తెగలేదు. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. చుక్కి బుస్సుమని ఊపిరి వదిలి, తల దించి, మోగిన ఆ డబ్బాలోనే మళ్ళీ మూతి పెట్టింది. అడుగంతా నాకేదాకా తీయలేదు.

నాయన మేస్త్రి వైపు తిరిగాడు. ఇచ్చిన మాట తప్పడం ఆయన జన్మలో చేసిన పని కాదు. మాట కోసం ప్రాణమిచ్చే మనిషి. చేతులు రెండూ జోడించాడు.

“మాట తప్పినానప్పా, ఏమనుకోవాకు. తప్పు గుర్రానిది కాదు. మా ఇంటిది.”

మేస్త్రి ఏవో నాలుగు మాటలు అని పోయాడు. అవన్నీ నాయన తల వంచుకుని విన్నాడు. నా వల్ల మా నాయన ఇంకొకరి ముందు తల వంచిన రోజు అది ఒక్కటే.

ఆ సాయంత్రం రాట్నం తిరిగి ఇవ్వడానికి అక్క ఇంట్లోకి పోయాను. ఆమె మగ్గం గుంటలో కూర్చుని ఉంది. పక్కన చేరి కూర్చుంటే నాకు కిటికీ కనబడింది. అందులో నుంచి వీధి కనబడదు, మనుషులు కనబడరు. కాళ్ళు కనబడతాయి. చెప్పుల కాళ్ళు, వట్టి కాళ్ళు, ఎద్దుల గిట్టలు, కాస్త పక్కగా మా ఇంటి ముందు బండి చక్రాలు.

“అక్కా, నీకు ముందే తెలుసా?”

“నీ పట్టీల కాళ్ళు బండెక్కేది సూసినా. కింద పడిన డబ్బా ఎత్తుకొని పారిపోయేది సూసినా” అంది, నాడె ఆపకుండా.

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్పింటే మీ నాయన నిన్ను కొట్టింటాడు. నువ్వు ఏడ్సింటావు. నువ్వు ఏడ్సి గోల చేస్తే ఆ గుర్రం ఇంగా బెదిరింటాది. దాంట్లో ఎవురికేం లాభముండాదే? తప్పు నీది, చెప్పేది నువ్వే చెప్పాల. నువ్వు చెప్పకపోయింటే రేతిరి నేనే వచ్చి చెప్పింటా, గుర్రాన్ని పోనిచ్చింటానా?” అంది. అంత పొడుగు మాట ఆమె నోట నేను విన్నది అదే మొదలు. నేను దీపాలు పెట్టేదాకా అక్కడే కూర్చున్నాను, ఎవరూ కూర్చోమనకుండానే.

చుక్కి మా ఇంట్లో పన్నెండేళ్ళు ఉంది. నాయన దానికి రేకు పెట్టెలు, స్టేషను గంట, రైలుకూత అన్నీ మెల్లగా అలవాటు చేశాడు. సుడి సంగతి వీధిలో అందరూ మరిచిపోయారు. అది నా చేతి నుంచి ఉలవలు తిన్నది, నా భుజం మీద గడ్డం ఆనించి కునుకు తీసింది, నా పెళ్ళికి నన్ను బండిలో కూర్చోబెట్టుకుని తీసుకుపోయింది. కానీ ఒక్క సంగతి చెప్పాలి. నాయన దగ్గరికి వస్తే దాని చెవులు రెండూ ముందుకు ఉండేవి. అక్క వచ్చినా అంతే. నేను వచ్చినప్పుడు మాత్రం ఒక చెవి ముందుకు, ఒక చెవి నా చేతుల వైపు. పన్నెండేళ్ళూ అంతే. నన్ను ప్రేమించలేదని కాదు. మరిచిపోలేదు, అంతే. మొదట్లో ఆ చెవిని చూసి ఏడ్చేదాన్ని. తర్వాత తర్వాత దానికి ఆ హక్కు ఉందని ఒప్పుకున్నాను.

ఇప్పుడు మా వీధిలో జట్కాలు లేవు. అక్క ఇంట్లో మరమగ్గం ఆడుతోంది, ఆ మోతలో పక్కవాడి మాటే వినబడదు. నేను ఇప్పటికీ పరుగు మనిషినే. కానీ ఎవరి దగ్గరికైనా వెనక నుంచి పోయేటప్పుడు నా కాళ్ళు వాటంతట అవే నెమ్మదిస్తాయి. పొయ్యి దగ్గర వంగి ఉన్న కోడలైనా, పుస్తకంలో తల పెట్టిన మనవరాలైనా, చుట్టూ తిరిగి పోయి కనబడే పక్కన నిలబడి అప్పుడు పిలుస్తాను. గిన్నె కింద పెడితే చప్పుడు కాకుండా పెడతాను. అత్తమ్మకు ఇంట్లో దొంగలా తిరగడం అలవాటని కోడలు ఎగతాళి చేస్తుంది. చేసుకోనీ. ఆ పిల్ల నన్ను చూసి నవ్వుతున్నంతసేపూ నేను ఆమె చెవుల వైపే చూస్తుంటాను.